వాగు ఇవతల పులి లేదు

పటంలో వేలిగోరంత చోటు మాత్రమే దక్కిన ఒకానొక రాజ్యంలో, సభ మొదలవ్వాలంటే ముందు ఒక మాట మూడుసార్లు వినబడాలి. "శార్దూలాంతక వీరకేసరి మహారాజు వేంచేస్తున్నారు" అని ముమ్మారు చదివితే గాని రాజు సింహాసనం మీద కూర్చునేవాడు కాదు. శార్దూలాంతకుడంటే పులులను అంతం చేసినవాడు. అంతం చేసింది ఈయన కాదు, ఈయన తాత. ఆ తాత తన కాలంలో పులులన్నిటినీ ఎర్రవాగు అవతలి అడవిలోకి తరిమేసి, వాగొడ్డున ఒక రాయి పాతించి, దాని మీద "ఇవతల పులి లేదు" అని చెక్కించాడు. మనవడికి రాజ్యంతో పాటు బిరుదూ వచ్చింది. రాజ్యం కన్నా బిరుదంటేనే ఆయనకు ముద్దు.

అందువల్ల వాగు ఇవతల ఎవరైనా పులిని చూశామంటే చిక్కు వచ్చిపడేది.

తంగేడుమెట్ట గొర్రెల కాపరులు చూశామన్నారు. చిరుతపులి, పెద్దది, తోక చివర వంపు కూడా చెప్పారు. ఆస్థాన పండితుడు వేదాద్రి భట్టు వచ్చి విచారించాడు. బురదలో అడుగుజాడ చూపిస్తే కుక్కదన్నాడు. గోళ్ళ గుర్తు లేదు కదయ్యా అంటే, గోళ్ళు అరిగిన కుక్క అన్నాడు. చెట్టు కొమ్మన మేక డొక్క వేలాడుతుంటే గద్ద తెచ్చి పెట్టిందన్నాడు. పొద్దువాలితే చాలు, రంపం కోసినట్టు అరుపు వినబడుతోందంటే, ఎవరో వడ్రంగి పని చేసుకుంటున్నాడన్నాడు. ఇదంతా రాసుకుపోయి రాజుకు వినిపించాడు. రాజు సంతోషించి, ఇవతల లేని పులి పేరు చెప్పి జనాన్ని బెదరగొట్టకూడదని, కాపరులెవరూ కుక్కల మెడలకు పులిపట్టీలు కట్టకూడదని చాటింపు వేయించాడు. పులిపట్టీ అంటే ఇనుప ముళ్ళు దిగేసిన తోలుపట్టీ. చిరుత కుక్కను మెడ దగ్గరే పడుతుంది కాబట్టి కాపరులు దాన్ని కడతారు. పట్టీలు ఊడదీసిన నెలలోనే తంగేడుమెట్టలో మంచి కుక్కలు మూడు మాయమయ్యాయి. అవి దేశాంతరం పోయి ఉంటాయన్నాడు భట్టు.

కుక్కల తర్వాత పొట్టేళ్ళ వంతు వచ్చింది. రాజుగారి పొట్టేళ్ళను మేపే గట్టయ్య మందలో నాలుగు తగ్గాయి. భట్టు తీర్పు రాశాడు. తోడేలైతే మందనంతా చిందరవందర చేసి నేలంతా నెత్తురు చేస్తుంది, నెత్తురు లేదు కాబట్టి తోడేలు కాదు. పులి ఇవతల లేదు కాబట్టి పులి కాదు. ఇక మిగిలింది మనిషి, ఆ మనిషి కాపరే. గట్టయ్యకు గుండు గీయించి ఎల్లుండి పొద్దున్నే పొలిమేర దాటించాలని, మళ్ళీ అడుగు పెడితే తల తీయాలని రాజముద్ర పడింది.

గట్టయ్య పెళ్ళాం బీరవ్వకు ఇరవై రెండేళ్ళు. కంబళి నేస్తుంది, నోరున్న మనిషి. తీర్పు చదివించుకుని రెండుసార్లు విన్నది. ఏడవలేదు. ఎక్కడ పోగు తెగిందో చూసుకునే నేతగత్తె చూపుతో ఆ మాటలను అటూ ఇటూ తిప్పి చూసింది. అంతా ఒక్క పోగు మీద నిలబడి ఉంది, పులి లేదన్న పోగు మీద. పులి ఉందని ఎంతమంది చెప్పినా అది తెగలేదు. ఉందని చెప్పడం వల్ల లాభం లేదని ఆమెకు అర్థమైంది.

మర్నాడు సభకు వెళ్ళింది. ముమ్మారు బిరుదు చదివారు, రాజు కూర్చున్నాడు. సింహాసనం మెట్ల దగ్గర రెండు వేటకుక్కలు పడుకుని ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుక్కల మధ్య పెరిగిన మనిషి కాబట్టి బీరవ్వ కళ్ళు ముందు వాటి మీదికే పోయాయి. మెడ చుట్టూ బొచ్చు అరిగి, వేలెడు వెడల్పున వలయంలా ఉంది. కాసేపు దానివంకే చూసి, తర్వాత రాజుకు దండం పెట్టింది.

"నువ్వూ పులిని చూశావా పిల్లా?" అన్నాడు రాజు. సభలో నవ్వులు.

"లేదు ప్రభూ. నేను చూడలేదు."

నవ్వులు ఆగాయి. అంతకుముందు వచ్చినవాళ్ళెవరూ ఆ మాట అనలేదు.

"మరెందుకొచ్చావు?"

"హద్దు తగాదా తెచ్చాను ప్రభూ."

ఆ రాజ్యంలో హద్దు తగాదాలకు ఒకటే పద్ధతి. హద్దు ఇదీ అని చెప్పినవాడు తల మీద మట్టిపెళ్ళ పెట్టుకుని, పొద్దువాలే వేళ, ముందు ఒక మేకపిల్లను తోలుకుంటూ ఆ హద్దు పొడవునా ఒంటరిగా నడవాలి. కాదన్నవాడు పది అడుగుల వెనక నడుస్తూ చూడాలి. పెళ్ళ కింద పడిందా, చెప్పిన మాట అబద్ధం. కిందటి నెలలోనే ఒక ముసలిరైతుకు దగ్గొచ్చి పెళ్ళ జారిపోతే రాజు కనికరించకుండా పొలం అవతలివాడికి ఇప్పించాడు. పద్ధతి పద్ధతే అన్నాడు అప్పుడు.

బీరవ్వ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పులుల హద్దు ఎర్రవాగని భట్టుగారు అంటున్నారు. తన మొగుడి బతుకు ఆ హద్దు మీదే ఆధారపడి ఉంది. కాబట్టి భట్టుగారు మట్టిపెళ్ళ ఎత్తుకుని రాయి దగ్గర నుంచి వాగు రేవు దాకా నడిస్తే సరిపోతుంది, తను నోరు మూసుకుని పోతుంది.

వేదాద్రి భట్టు ఉత్తరీయం సర్దుకున్నాడు. తనకు మోకాళ్ళ నొప్పులన్నాడు. అయినా రాతి మీది మాట తనది కాదు, మహారాజుగారి తాతగారిది, తను చదివి వినిపించేవాడు మాత్రమే అన్నాడు.

"తాతగారు పోయారు కదా అయ్యవారూ," అంది బీరవ్వ. "మరిప్పుడు ఆ మాటకు పూచీ ఎవరిది?"

రాజు మీసం దువ్వాడు. "మాది. తాతగారి మాట మా మాట."

"అయితే తమరే నడవాలి ప్రభూ."

భట్టు నేల చూపులు చూశాడు. రాజు ముసలిరైతును తలచుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

ఆ సాయంత్రం వాగొడ్డున జనం పోగయ్యారు. గట్టయ్యను కూడా సంకెళ్ళతో తెచ్చి నిలబెట్టారు. రాజు వచ్చిన తీరు చూస్తే దండయాత్రకు బయల్దేరినట్టుంది. ఒడ్డు పొడవునా డప్పులవాళ్ళు, బల్లేలవాళ్ళు, పొద్దు ఇంకా గుంకకముందే వెలిగించిన దివిటీలు. ఇది ఒంటరి నడక కదా అని బీరవ్వ అడిగితే, వాళ్ళు నడవరు, నిలబడతారంతే అని భట్టు బదులిచ్చాడు. ఆమె ఒప్పుకుంది.

రాజు కిరీటం తీసి, తలమీద మట్టిపెళ్ళ పెట్టించుకున్నాడు. మెడ బిగబట్టి, కళ్ళు మాత్రమే తిప్పుతూ, చేతిలో మేకపిల్ల తాడుతో నిలబడ్డాడు.

"బయల్దేరే ముందు చిన్న సందేహం ప్రభూ," అంది బీరవ్వ. "డప్పులెందుకు?"

"మా మర్యాదకు."

"నిజమే. బల్లేలు?"

"దొంగల భయం ఉంటుంది కదా."

"ఉంటుంది. దివిటీలు?"

"పాములుంటాయి."

"అవును, వాగొడ్డున పాములుంటాయి." అన్నిటికీ తల ఊపింది. తర్వాత రాజు పక్కనున్న వేటకుక్కల వైపు చూసింది. "మరి దొంగల కోసమా, పాముల కోసమా ప్రభూ, వీటి మెడలకు పులిపట్టీలు?"

దివిటీల వెలుగులో రెండు కుక్కల మెడల చుట్టూ ఇనుప ముళ్ళు మెరుస్తున్నాయి. అందరూ చూశారు. రాజు మాత్రం తల వంచలేడు కాబట్టి చూడలేకపోయాడు.

"ఓబన్నా," అన్నాడు కుక్కలను చూసే మనిషితో, "చాటింపు ఉండగా ఆ పట్టీలు ఎవరు కట్టమన్నారు?"

ఓబన్న పదేళ్ళుగా కుక్కలతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడి ఎరగడు. అబద్ధం ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు. "తమరే ప్రభూ. పోయినేడు వేటలో మన నల్లకుక్కను ఈ రాయి దగ్గరే పులి ఎత్తుకుపోయింది కదా. అప్పట్నుంచి వాగువైపు వస్తే పట్టీ లేకుండా తేవద్దన్నారు. పండితులవారు కూడా పక్కనే ఉన్నారు."

భట్టు దివిటీ వెనక్కి జరిగాడు. డప్పులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను పులిని చూడలేదు ప్రభూ," అంది బీరవ్వ. "చూసింది తమరు. తమరి కుక్కలకు దొరికిన పట్టీ నా మొగుడి కుక్కలకు దొరకలేదు, అంతే తేడా. ఇంకా నడవాలంటే నేను వెనకే ఉన్నాను."

రాజు పళ్ళు బిగబట్టాడు. మొహం ఎర్రబడింది. బల్లేలవాళ్ళు ఇక ఈ పిల్ల పని అయిపోయిందనుకున్నారు. అయితే ఆ బిగువు కోపంది కాదు. ముందు భుజాలు అదిరాయి, తర్వాత పొట్ట. ఎంత ఆపుకున్నా ఆగలేదు. తల వెనక్కి వేసి గట్టిగా నవ్వాడు, మట్టిపెళ్ళ జారి ఆయన కాళ్ళ దగ్గర పడి ముక్కలైంది.

నవ్వుతూనే ఆ ముక్కలవంక చూశాడు. "పద్ధతి పద్ధతే," అని, గట్టయ్య సంకెళ్ళు తీయమన్నాడు.

ఏం కావాలో కోరుకోమంటే బీరవ్వ బంగారం అడగలేదు. చాటింపు వెనక్కి తీసుకోమంది, తంగేడుమెట్ట కుక్కలన్నిటికీ రాజుగారి కమ్మరి చేత పట్టీలు చేయించమంది. రాజు ఇంకో పది బల్లేలు కూడా ఇప్పించాడు. రాయిని పెరికించేయమంటావా అని అడిగితే వద్దంది. "ఉండనివ్వండి ప్రభూ. తాతగారు తరిమిన మాట నిజమే కదా. పులికి చదువు రాదు, తప్పు రాయిది కాదు."

వేదాద్రి భట్టుకు మాత్రం ఒక పని పడింది. ఇకమీద పులి వచ్చిందని ఎవరు చెప్పినా, తీర్పు రాసేముందు పొద్దువాలే వేళ మేకపిల్లతో అక్కడిదాకా ఒంటరిగా పోయి చూసి రావాలి. ఆ తర్వాత ఏ అడుగుజాడనూ ఆయన కుక్కదని ఒక్కసారి కూడా రాయలేదు.

మర్నాటి సభలో బిరుదు చదివేవాళ్ళు గొంతు సవరించుకున్నారు. "శార్దూలాంతక" అన్నారో లేదో, రాజు చెయ్యెత్తి ఆపాడు.

"వాగు అవతల, అని కలపండి. ఇవతల చెల్లదు," అన్నాడు.