పిడికెడుమన్ను దిబ్బ

పూర్వం మహాచీనాన్ని మంచూ వంశీయులు పాలిస్తున్న కాలంలో హెంగ్‌నింగ్ అనే చక్రవర్తి ఉండేవాడు. నలభయ్యవ ఏట సింహాసనమెక్కిన ఆయనకు సోదరులే పగవారయ్యారు. తండ్రి మరణశాసనాన్ని ఆయనే దిద్దుకున్నాడన్న అపవాదు అంతఃపురం గోడలు దాటి అంగళ్ళదాకా పాకింది. అందుచేత పూర్వుల కట్టడిలో ఒక్క అక్షరం కదపాలన్నా ఆ తొలి రోజుల్లో ఆయన వెనుకాడేవాడు.

పట్టాభిషిక్తుడైన ఏటనే, కరకట్టల పరిశీలనకై దక్షిణాన లాంగ్‌వెయ్ నదికి విచ్చేసినప్పుడు, రాజనౌకకు అడ్డంగా ఒక చిన్న పడవ నిలిచింది. అందులో ఆలాన్ అనే నడివయసు స్త్రీ, భర్త శవాన్ని చాపలో చుట్టి పెట్టుకుని కూర్చుని ఉంది. పడవల్లో పుట్టి పడవల్లోనే గిట్టే ఆమె జాతివారు నేలమీద ఇల్లు కట్టరాదని, చచ్చినవారిని మట్టిలో పెట్టరాదని తరతరాల శాసనం.

“మహాప్రభో, మూడు రోజులైంది. ఆరడుగుల నేల ఇప్పించండి, చాలు,” అన్నదామె.

చక్రవర్తి మంత్రి ఫుచెన్ వైపు చూశాడు.

“పూర్వుల కట్టడి, ప్రభూ. తమ సోదరులు ఇటువంటి తప్పు కోసమే కాచుకుని ఉన్నారు,” అన్నాడు మంత్రి.

చక్రవర్తి పెదవి విప్పలేదు. ఆలాన్ కాసేపు ఎదురుచూసి, శవానికి లంగరురాయి కట్టి, తన చేతులతోనే నదిలోకి జార్చింది. నీటిమీది బుడగలు అణగిపోయేదాకా ఆయన చూస్తూ నిలబడిపోయాడు.

ఆనాటినుండి ఆయనకు అన్నం సయించలేదంటారు. రాజధానికి మరలి అధికారుల లంచాలను అణచాడు; పుట్టుదాసులకు, హీనకులాలని ముద్రపడ్డ పాటగాళ్ళకు విముక్తినిచ్చాడు. ఎదిరించిన సోదరులను బంధించగా, వారిలో కనిష్ఠుడు చెరలోనే మరణించాడు. ఆ పాపమూ ఆయన తలకే చుట్టుకుంది. ఏలుబడి ఆరవ ఏట ఎర్రసిరాతో స్వయంగా శాసనం రాశాడు: పడవజాతివారు తక్కిన ప్రజలతో సమానులు, ఒడ్డున నివసించవచ్చు, తమవారిని పూడ్చుకోవచ్చు.

నదీమండలాధిపతి భూస్వాముల మాట విని ఆ శాసనాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ప్రజలు ఆనందబాష్పాలు రాల్చుచున్నారని మాత్రం ఏటేటా విన్నపం పంపేవాడు. చక్రవర్తి నమ్మాడు. ఏలుబడి పదమూడవ ఏట, ఆరోగ్యం క్షీణించాక, ఆ ఆనందాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని బయలుదేరాడు.

ఒడ్డున ఒక్క గుడిసె లేదు. అవే పడవలు, అవే చాపలు. ఆలాన్ పండుముసలిలా వడిలి, జ్వరంతో పడవలో పడి ఉంది. ఆయన వంగి ఆ పడవలోకి దిగాడు.

“అమ్మా, ఏడేళ్ళ క్రితమే ఆజ్ఞ రాసి పంపాను.”

“మా నీళ్ళదాకా రాలేదు ప్రభూ.” ఆమె ఆయన్ను గుర్తుపట్టింది. “ఆనాడు నోటితో ఒక్క మాట అంటే సరిపోయేది. అంత రాత దేనికి?”

ఆ మధ్యాహ్నమే ఆమె కన్నుమూసింది. మైలపడతామని ఒడ్డువారెవరూ శవాన్ని ముట్టలేదు. చక్రవర్తి పాదరక్షలు విడిచి, జోరువానలో ఒడ్డుమట్టిని తానే తవ్వసాగాడు.

“ప్రభూ, ఈ తడి తమకు ప్రాణాంతకం!” అని ఫుచెన్ కాళ్ళమీద పడ్డాడు.

“ఆనాడు నీ మాట విన్నాను. ఇవాళ వినను,” అన్నాడాయన.

ఆమెను గోతిలో పరుండబెట్టాక, జన్మలో నేల తొక్కని పడవవారు బెదురుతూ ఒక్కొక్కరే దిగివచ్చి తలా పిడికెడు మన్ను వేశారు. చక్రవర్తి తిరుగుదారిలోనే జ్వరంతో అస్తమించాడు. కొత్త ఏలిక ఆయన శాసనాలన్నీ రద్దుచేశాడు.

ఆ ఏటి వరదకు నది రెండు ఒడ్లనూ కోసివేసి, మండలాధిపతి మేడను మింగి, ఆ సమాధి దగ్గరకు వచ్చి రెండు పాయలుగా చీలిపోయింది. నడుమ మిగిలిన లంక ఏ ఒడ్డుకూ చెందనిది గనుక, దానిమీద నిలిచిన పడవవారిని దిగిపొమ్మనే హక్కు ఏ భూస్వామికీ లేకపోయింది.

నేటికీ ఆ లంకమీది దిబ్బను పిడికెడుమన్ను దిబ్బ అంటారు. అక్కడ విగ్రహం లేదు, వరాలు కోరుకునే ఆచారమూ లేదు. ఏటా వానాకాలం ముగిశాక పడవవారు వట్టికాళ్ళతో దిగి, నదిలో కలిసిపోయిన తమ పెద్దలను పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరికీ ఒక పిడికెడు వేస్తారు. తెల్లవారుతూ మొదలుపెట్టినా పొద్దుగుంకేసరికి ఆ పేర్లు పూర్తికావు. మిగిలినవారు మరుసటి ఏటిదాకా నీళ్ళలోనే వేచి ఉంటారని ఆ జనుల విశ్వాసం.