గవ్వలదీవి కుండ

సింగమనాయుడికి అన్నం సయించడం మానేసి ఏడాది అయింది. గవ్వలదీవి మీదికి ఓడలేసుకుని వెళ్ళి, ఓడిపోయి వచ్చిన సేనాపతి ఆయన. ఆ దండయాత్రకు ముందు ఆయన ఏ ఇంటికి వెళ్ళినా మీసాలు ముందు లోపలికి వెళ్ళి కబురు చెప్పేవి, ఆయన తర్వాత వచ్చేవాడు. ఓడిపోయాక అవి కూడా తడిసిన గడ్డిలా వేలాడిపోయాయి.

మనశ్శాంతి కోసం వెళ్ళి మదార్ బాబాకి శిష్యుడయ్యాడు. సముద్రపు ఒడ్డున బాబా గుడిసె. అది ఎంత చిన్నదంటే, బాబా లోపల తుమ్మితే తల బయటికి వచ్చేది. నాయుడు వస్తూ వస్తూ మూతి విరిగిన నల్లకుండ ఒకటి తెచ్చి బాబాకి కానుకిచ్చాడు. ఇద్దరూ దాంట్లో నీళ్ళే తాగేవారు.

ఒకరోజు పొద్దున్నే రాజుగారి దూత గుడిసె ముందు గుర్రం దిగాడు. మళ్ళీ గవ్వలదీవి మీదికే దండయాత్ర. ఆ సముద్రం తెలిసినవాడు నాయుడొక్కడే, ఆయన సరేనంటేనే ఓడలు కదులుతాయి. వేలమంది కుర్రాళ్ళు రేవులో మూటలు కట్టుకుని కూర్చున్నారు.

నాయుడు పరుగున గుడిసె వెనకాల ఉన్న బాబా దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, పోయినసారి ఎందుకు ఓడానో ఒక్కటి చెప్పండి చాలు. ఈసారి గెలుస్తాను."

"నువ్వే చెప్పు, వింటాను."

నాయుడు వేలితో ఇసుకలో దీవిని గీశాడు. పీతలు దారి తప్పేంత పెద్ద దీవి! గాలి అడ్డం తిరిగిందన్నాడు. చీకట్లో సరంగు ఒక రేవు అనుకుని ఇంకో రేవులో దింపాడన్నాడు. పైన కొండ, కొండమీద వాళ్ళు, కింద మేము అన్నాడు. వెనకాల రావలసిన ఓడలు రాలేదన్నాడు. ఆఖరికి చంద్రుణ్ణి కూడా వదల్లేదు.

బాబా అంతా విన్నాడు. "ఓడల్లో ఏం తీసుకెళ్ళావు?"

"ఫిరంగులు. మందుగుండు. గెలిచాక ఊరేగడానికి ఏనుగు, దాని మీదికి ముత్యాల గొడుగు. పంచడానికి లడ్డూలు కూడా."

"నీళ్ళో?"

నాయుడు తల గోక్కున్నాడు. "కొండవతల బావులున్నాయన్నారు బాబా. సాయంత్రానికల్లా చేరిపోతాం అనుకున్నాం. ఒడ్డు దాటలేకపోయాం. ఎండకి నాలుకలు పిడచకట్టేశాయి. ఎంతమందో ఆ ఇసుకలోనే పోయారు."

"మిగిలినవాళ్ళు ఎలా బతికారు?"

నాయుడు కాలితో ఇసుకలోని దీవిని చెరిపేశాడు. ఈ మాట రాజుగారికి కూడా చెప్పలేదు.

"దీవి ఆడవాళ్ళు కుండలెత్తుకుని కొండ దిగి వచ్చారు. ఒక ముసలమ్మ నా దోసిట్లో నీళ్ళు పోసి, మిగతావి కూడా తాగమని కుండ చేతికిచ్చింది. 'తాగి ఇంటికి పో నాయనా, మీ అమ్మ చూస్తూ ఉంటుంది' అంది. వాళ్ళ ఇళ్ళు తగలబెట్టడానికి వెళ్ళినవాణ్ణి! తాగి, తలొంచుకుని ఓడెక్కాను. కుండ కూడా చేతిలోనే ఉండిపోయింది."

"ఏ కుండ?"

"అదే, బాబా. మీకిచ్చింది."

బాబా లేచాడు. కుండలో నీళ్ళు గుడిసె పక్క బీరపాదుకి పోసి, అంగీ అంచుతో లోపలా బయటా శుభ్రంగా తుడిచాడు. ఇంట్లో ఉన్న బియ్యమంతా దాంట్లో పోశాడు. పైన బెల్లం గడ్డ పెట్టాడు.

"మరి మనకి రాత్రికి?" అన్నాడు నాయుడు.

"ఒకరింటి కుండ ఖాళీగా తిప్పి పంపితే మా అమ్మ ఊరుకునేది కాదు" అన్నాడు బాబా.

నాయుడు కుండని రెండు చేతులా పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుకి సముద్రం బెత్తెడు పెరిగిందంటారు. నన్నడిగితే మూరెడు.

గుడిసె ముందు కాచుకున్న దూత అడిగాడు. "రాజుగారికి ఏం చెప్పమంటారు దొరా?"

"దీవికి వెళ్తున్నానని చెప్పు. ఒక్క పడవ చాలు. ఆ కుర్రాళ్ళని ఇళ్ళకి పొమ్మను."

పడవ కెరటం ఎక్కుతుండగా బాబా ఒడ్డు నుంచి కేకేశాడు. "నాయుడూ! ఈసారైనా నీళ్ళు పెట్టుకున్నావా?"

"దీవి చేరేదాకా సరిపడా ఉన్నాయి బాబా" అని నాయుడు తిరిగి కేకేశాడు. "అక్కడికెళ్ళాక వాళ్ళిస్తారు."