దొనగుట్ట నిండుచూపమ్మ

పెన్నకు దక్షిణంగా, ఎర్రమట్టి చేల నడుమ, ఏనుగు పడుకున్నట్టు కనిపించే బోడిగుట్టను దొనగుట్ట అంటారు. నడినెత్తిన వాననీరు నిలిచే రాతిదొన ఉన్నందున ఆ పేరు వచ్చింది. గుట్ట తూర్పు పాదాన, రేకుల పందిరి కింద, నిండుచూపమ్మ వెలసి ఉన్నది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు వైపులా రాతికట్టు ఉన్న చిన్న గొయ్యి, అందులో నిలువెత్తు బండ, అంతే. అమ్మవారి దగ్గరికి మెట్లెక్కడమే గానీ దిగడమేమిటని కొత్తగా వచ్చినవారు అడుగుతారు. ఇక్కడ దిగవలసిందే. తొమ్మిది మెట్లూ దిగి, ముందు పాదాలు చూసి, అక్కడి నుండి మెల్లగా కన్నెత్తి పైదాకా చూడాలి. పైమెట్టు మీదే దండం పెట్టుకొని వెళ్ళిపోతే మొక్కు సగమే చెల్లుతుందని పెద్దలంటారు.

పూర్వం ఇక్కడ గొయ్యి లేదు. పూర్వమంటే యుగాల నాటి మాట కాదు, సుమారు నలభై ఏళ్ళు. అప్పట్లో బండ నడుము దాకా మట్టిలో కూరుకుపోయి ఉండేది. పైకి కనబడే సగం మీద బొటనవేలు మందాన పసుపు పేరుకొని, కన్నూ ముక్కూ ఏమీ తెలిసేది కాదు. అందుకే పసుపమ్మ అనేవారు. వాన లేని నెలల్లో గొర్రెల కాపరులు మందలను తోలుకొని నల్లమల వైపు వలస పోతారు. నాలుగు నెలలో ఆరు నెలలో వాళ్ళ కబురుండదు. ఇంట మిగిలిన తల్లులు ప్రతి మంగళవారం వచ్చి బండకు పసుపు పూసి, బిడ్డల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకొని వెళ్ళేవారు. వాళ్ళందరికీ ముందు నడిచేది ముత్యాలక్క. ఆమె ఇద్దరు కొడుకులూ మంద వెంట పోయేవారు.

అదే కాలంలో దొనగుట్ట చరిత్ర సంఘమని ఒకటి ఏర్పడింది. పేరు పెద్దదే గాని అప్పట్లో మనుషులు ముగ్గురు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయిన సంజీవమ్మ గారు, డ్రాయింగు మాస్టారు హంపయ్య, బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఖాజా హుసేను. ఆదివారం ఆదివారం స్టూడియో వెనక గదిలో కూర్చునేవారు. ఎవరో గానుగ పక్కన పడేసిన శాసనాన్ని గోడ చేర్చడం, కూలుతున్న బురుజుకు ముళ్ళకంప అడ్డం వేయించడం, పాత రాళ్ళ మీద బొమ్మలకు అచ్చుప్రతులు తీయడం వాళ్ళ పని. ఎవరూ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

ఒక వేసవిలో వాళ్ళు పసుపమ్మ అచ్చు తీయాలనుకున్నారు. ముత్యాలక్క ఆ వేళ సంతకు పోయి ఉంది. వచ్చాక అడుగుదామని సంజీవమ్మ గారు ఒక మాట అన్నారు. ఎండ ముదిరితే కాగితం నిలవదని హంపయ్య తొందరపడ్డాడు. ఆమె రెండో మాట అనలేదు. కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, తరాల పసుపు కరిగించారు. తడికాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దారు. కాగితం మీద తేలింది అమ్మవారు కాదు. మీసం, ఎత్తిన కత్తి, పక్కన డాలు! పోరులో ప్రాణం విడిచిన ఎవరో వీరుని రాయి.

ముగ్గురూ పిల్లల్లా సంబరపడ్డారు. వారం తిరగకుండా బండ పక్కన బోర్డు పాతారు: "ఇది అమ్మవారు కాదు. వీరుని స్మారకశిల." అక్షరాలు గుండ్రంగా, ఏ తప్పూ లేకుండా, సంజీవమ్మ గారే రాశారు.

ఊరు చదివింది. మగరాతికి ఆడవాళ్ళు పసుపు పూయడమేమిటని అరుగుల మీద నవ్వులు మొదలయ్యాయి. నెల లోపల మంగళవారాలు ఆగిపోయాయి. చివరగా మానుకున్నది ముత్యాలక్క. మానుకొని నేరుగా వచ్చి సంజీవమ్మ గారి గడప ముందు చతికిలబడింది.

"ఏం టీచరమ్మా, ఆయమ్మను తుడిచేస్తిరి. మా ఇండ్లల్లో ఎవురన్నా చస్తే ఇట్లనే తుడుస్తారు బొట్టు."

"నేను అబద్ధం రాయలేదు ముత్యాలక్కా. కళ్ళారా చూసిందే రాశాను."

"కాదనలేదులే. నా కొడుకులు పోయి మూన్నెల్లాయె. ఒగని కాలికి ముల్లు దిగి చీము పట్టిందని ఎవురో చెప్పిపోయిరి. కాలుందో లేదో చెప్పల్యా. ఇంగ నేనెవురికి చెప్పుకోవల్ల? మీ బోర్డుకా?"

వరంగల్లులో చదువుతున్న సంజీవమ్మ గారి కూతురి నుండి కూడా నాలుగు రోజుల కింద ఒక కార్డు వచ్చింది: "జ్వరంగా ఉందమ్మా, మళ్ళీ రాస్తాను." ఆ మళ్ళీ ఇంకా రాలేదు. సగం కబురు ఎట్లా కొరుక్కు తింటుందో ఆమెకు కొత్తగా చెప్పనక్కరలేదు.

విషయం హంపయ్యతో చెబితే ఆయన తేలికగా తేల్చేశాడు. "బోర్డు పీకేద్దాం మేడమ్. శక్తిస్వరూపం అని నాలుగు ముక్కలు రాస్తే ఊరికీ సంతోషం, మనకూ గొడవ లేదు."

"చూడనిది రాయను మాస్టారూ. ఆమె ఏడ్చిందని కూడా రాయను," అన్నారు సంజీవమ్మ గారు. అని ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేకపోయారు.

ఆ మధ్యాహ్నం కార్డు చేతిలో పట్టుకొనే కుర్చీలో కునుకు తీశారు. కలలో ఒక స్త్రీ వచ్చి నిలబడింది. తల మీది కొప్పు ఒక్కటే కనబడుతోంది, ముఖం తెలియడం లేదు. "నడుము దాకా చూసి నాకు పేరు పెట్టినావే తల్లీ!" అన్నది. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. అది అమ్మవారి పలుకో, తన మనసులోని అనుమానమో ఆమె ఎన్నడూ తేల్చి చెప్పలేదు. రెండూ రాయమని ఆమే అన్నారు గనుక ఈ స్థలకథలో రెండూ రాస్తున్నాము.

లేచి అచ్చుప్రతి నేల మీద పరిచారు. కాగితం కింది అంచున, మట్టి మొదలయ్యే చోట, పక్కపక్కనే రెండు గుండ్రటి బొడిపెలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కన ఆమె చేతిరాతే: "రాతిలోపం." వీరుల రాళ్ళ మీద బొమ్మలు వరుస కింద వరుసగా ఉంటాయని ముప్పై ఏళ్ళు బడిలో చెప్పిన మనిషి ఆమె! బండ ఇంకా ఎంత లోతుందో ఎవరూ కొలవనే లేదు.

ఈసారి అడగకుండా పలుగు పట్టలేదు. ముగ్గురూ ముత్యాలక్క ఇంటికి పోయి, బొడిపెల సంగతి చెప్పి, బండ చుట్టూ తవ్వి చూడనిమ్మని అడిగారు.

"పైన పసుపు ఒలిచి చూస్తిరి గదా. ఇంగ కాళ్ళు గూడా చూడల్లనా?" అన్నది ఆమె.

"చూడాలి. చూడకుండా చెప్పిందే తప్పయింది."

"ఆడ ఏమీ లేకుంటే?"

"లేదనే చెప్తాను," అన్నారు సంజీవమ్మ గారు. "ఆ బొడిపెలు ఉత్త రాయే అయితే, ఉత్త రాయే అని ఊరందరి ముందూ చెప్తాను. నీకు ఇంక ఆశ కూడా మిగలదు. అందుకే అడగడానికి వచ్చాను. వద్దంటే తవ్వం."

ముత్యాలక్క లేచి మూలనున్న చిన్న పార తీసింది. "మొదటి మన్ను నేను తీస్తా. పాండి."

మూడు రోజులు తవ్వారు. జానెడు దిగడం, కొలవడం, హుసేను ఫోటో తీయడం, మళ్ళీ జానెడు. ముత్యాలక్కకు అది వింతగా తోచింది. "ఏం నాయనా హుసేనూ, మట్టికి గూడా ఫోటోనా? దానికేమన్నా పెండ్లిచూపులా?"

"ఈసారి సగం చూసి లేచి రాకూడదు కదక్కా, అందుకు," అన్నాడు హుసేను.

మొదటి రోజు సాయంత్రానికి పెద్ద బొడిపె కొప్పయింది. రెండో రోజు చిన్న బొడిపె, భుజం మీద కూర్చున్న పసిబిడ్డ తల అయింది. మూడో రోజు నడుము, కుచ్చెళ్ళు, చేయి పట్టుకొని నడుస్తున్న ఇంకొక బిడ్డ. అట్టడుగున ఆమె పాదాలు. ఒకటి నేల మీద ఉంది, ఒకటి ఎత్తి ఉంది. బిడ్డలిద్దరినీ తీసుకొని ఆమె ఎక్కడికో నడుస్తున్నది.

ఊరంతా గొయ్యి చుట్టూ చేరింది. సంజీవమ్మ గారు అడుగున నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "పైనున్నది వీరుడే. అది తప్పు కాదు. కింద బిడ్డలతో నడుస్తున్న తల్లి. అతని భార్యో, తల్లో, ఊరి దేవతో, ఈమె ఎవరో మాకు తెలియదు. మేము సగం చూసి మొత్తం చెప్పాము. తప్పు మాది."

ముత్యాలక్క గొయ్యిలోకి దిగి, కొంగున కట్టుకొచ్చిన పసుపు విప్పి, ఎత్తి ఉన్న ఆ పాదానికి పూసింది.

"నీకు తెల్యకుంటే పోనీలే టీచరమ్మా," అన్నది వెనక్కి తిరగకుండానే. "ఆయమ్మకు నేను తెలుసు."

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాము. ఆనాటి నుండి పసుపమ్మ నిండుచూపమ్మ అయింది. ముత్యాలక్క కొడుకులు తొలకరికి ముందే వచ్చారు. ఒకడు కుంటుతూ వచ్చాడు, కానీ రెండు కాళ్ళతోనే వచ్చాడు. సంజీవమ్మ గారి కూతురి రెండో కార్డు అదే వారంలో అందింది. ఇది అమ్మవారి మహిమేనని ముత్యాలక్క, తపాలా ఆలస్యమని సంజీవమ్మ గారు చివరిదాకా వాదులాడుకున్నారు. వాదన ఎప్పుడూ గొయ్యి గట్టు మీదే, ఆకూ వక్కా పంచుకుంటూ జరిగేది.

పాత బోర్డు నేటికీ పందిరి కింద ఉంది. దాన్ని తీయవద్దని సంజీవమ్మ గారే పట్టుబట్టారు. దాని అడుగున ఆమె చేతివ్రాతతోనే ఇంకొక పంక్తి చేరింది: "పైమాట సగం చూసి రాసినది. దిగి చూడండి."

ఏటా జ్యేష్ఠమాసం మొదటి మంగళవారం నాడు కుంకుడు రసంతో పసుపంతా కడుగుతారు. ముందుగా ముత్యాలక్క ఇంటి ఆడపడుచు అనుమతి ఇవ్వాలి. ఆమె "ఊ" అన్నాకే పీచు ముట్టుకుంటారు. ఒక్క జాముసేపు వీరుడూ తల్లీ బిడ్డలూ నిజరూపంతో దర్శనమిస్తారు. అప్పుడు చరిత్ర సంఘం వారిలో ఒకరు అడుగున నిలబడి, ఆనాటి మాటనే అందరికీ వినబడేలా చెబుతారు: "మేము సగం చూసి మొత్తం చెప్పాము." అది విన్నాకే కొత్త పసుపు పాదాల నుండి మొదలవుతుంది. వీరునికి సాంబ్రాణి పొగ వేస్తారు.

బిడ్డలను దూరాన ఉంచుకొని, అందిన సగం కబురుకు మిగతా సగం తామే అల్లుకొని కుమిలిపోయే తల్లులు, తండ్రులు ఇక్కడికి వస్తారు. తొమ్మిది మెట్లూ దిగి, ఎత్తిన పాదానికి పసుపు రాసి, బిడ్డ పేరు చెప్పుకుంటారు. వారికి నిండు కబురు అందుతుందని, అందేదాకా నిబ్బరం కలుగుతుందని ఇక్కడి నమ్మకం. మొదటిదానికి మేము పూచీ పడలేము. రెండవది మాత్రం మెట్లెక్కి వచ్చేవారి ముఖాల్లో ఎన్నోసార్లు చూశాము.