తారురోడ్డు మీద అరచెయ్యి

ఆ ఆదివారం ఓబులేసుకు వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. పొద్దున ఆరింటికి రావలసిన బస్సు పదిన్నరకు వచ్చింది.

అందులోంచి దిగింది పొరుగు జిల్లా నుంచి వచ్చిన పన్నెండు మంది, వాళ్ల వెంట పన్నెండు కుక్కలు. మనిషి నడుముకు వెడల్పాటి బెల్టు, కుక్క ఛాతీకి మెత్తటి పట్టీ, రెంటినీ కలుపుతూ సాగే తాడు. కుక్క ముందు, మనిషి వెనక, అందరూ గుంపుగా పరుగెత్తడం వాళ్లకు ఇష్టం. కడప దాపున కొండ కింద ఆ పరుగు నేర్పేది మస్తాన్ సాహెబ్. సైన్యంలో ముప్పై ఏళ్లు కుక్కలతోనే బతికి, రిటైరై వచ్చి దర్గా వీధిలో ఉంటున్నాడు. శిష్యులు ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఊళ్లో గిట్టనివాళ్లు మాత్రం వీళ్లందరినీ కలిపి, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదే బాపతు అంటారు. అననీండి, నోరు వాళ్లది.

ఓబులేసు బళ్లో డ్రిల్లు మాస్టరు. మూడేళ్లుగా ఉస్తాద్ దగ్గర నేర్చుకుంటున్నాడు. గుంపును నడిపించే పని ఉస్తాద్ అతనికి మొదటిసారి అప్పజెప్పింది ఆ రోజే. దానికోసం వారం నుంచి కంటిమీద కునుకు లేదు పాపం. షామియానా వేయించాడు, తొట్లలో నీళ్లు నింపించాడు, తోటి మాస్టర్లందర్నీ చూడ్డానికి రమ్మన్నాడు. భార్య తెల్లవారకముందే లేచి ముప్పై మందికి బొరుగులు నానేసి ఉగ్గాని చేసింది. అది కాస్తా చల్లారిపోయింది.

బస్సు టైరు దారిలో పేలిందట. వచ్చినవాళ్లు మొహమాటపడుతూనే, మధ్యాహ్నం మూడింటికి తిరిగి బయల్దేరాలన్నారు. అంటే పరుగు ఇప్పుడే జరగాలి, లేకపోతే జరగనట్టే. మాస్టర్లలో ఒకాయన అప్పుడే గడియారం చూసుకుని నవ్వాడు. ఓబులేసుకు ఆ నవ్వు తగలవలసిన చోటే తగిలింది.

చలి శివరాత్రికే శివశివా అంటూ వెళ్లిపోయింది. కడప ఎండ గురించి కడపవాళ్లకు చెప్పనక్కర్లేదు. కానీ ఆ పూట కొండ మీద నుంచి చల్లటి గాలి వీస్తోంది. అదే అతన్ని మోసం చేసింది. మొదట ఒక మైలు తారురోడ్డు, అది దాటితే చెట్ల నీడన మట్టిబాట. మైలు ఎంతసేపు, అనుకున్నాడు.

బెల్టు కట్టుకుని, రాగి అనే తన కుక్కను భార్య చేతికిచ్చి, ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. ఆయన షామియానా చివర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు.

బయల్దేరతామని ఓబులేసు అన్నాడు.

ఉస్తాద్ సరే అనలేదు, వద్దనలేదు. నాలుగడుగులు నడిచి ఎండలోకి వెళ్లి, రోడ్డు మీద గొంతుక్కూర్చుని, కుడి అరచెయ్యి తారుకు ఆనించాడు. "చెప్పు నాయనా, వింటాను" అన్నాడు.

మోకాళ్ల నొప్పికి చెయ్యి ఆనించుకున్నాడేమో అనుకుని ఓబులేసు వెనకే వెళ్లి పక్కన నిలబడ్డాడు. పరీక్షలో అన్ని ప్రశ్నలూ తెలిసిన పిల్లవాడిలా మొదలుపెట్టాడు. బెల్టులన్నీ తనే లాగి చూశానన్నాడు. కుక్కకూ కుక్కకూ మధ్య రెండు తాళ్ల దూరం ఉండాలని అందరికీ చెప్పానన్నాడు. ముందువాళ్లను దాటేటప్పుడు కేక వేసి, ఎడంగా దాటాలనీ చెప్పాడట. బెదురుకుక్క ఒకటుంది, దాన్ని అందరికన్నా వెనక పెట్టానన్నాడు. కొండ దిగేటప్పుడు పరుగు మాని నడవాలన్నాడు.

ఉస్తాద్ ఒక్కోదానికీ "ఊఁ" అంటూ వచ్చాడు. ఒక్కటీ తప్పు లేదు మరి, అన్నీ ఆయన నేర్పినవే.

ఓబులేసుకు ఊపు వచ్చింది. ఎంత దూరం నుంచి వచ్చారో, ఎంత ఆశపడి వచ్చారో చెప్పాడు. ఇవాళ ఆపేస్తే రేపు బళ్లో తలెత్తుకోలేనని కూడా అనేశాడు. ఉస్తాద్ అతని ముఖంలోకి జాలిగా చూశాడు.

"అయినా మనం బలవంతం చేస్తున్నామా ఉస్తాద్? వాటిని చూడండి, ఎట్ల లాగతా ఉండాయో. వాటికే ఆగేదానికి లేదు."

"ఊఁ. ఇంకా?"

ఈ 'ఇంకా' అన్న గొంతు ఎప్పటిలా లేదు. ఓబులేసు అప్పుడు చూశాడు. ఉస్తాద్ నుదుటి నిండా చెమట. తారు మీది చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆ చెయ్యి మాత్రం పెట్టిన చోటు నుంచి వెంట్రుకవాసి జరగలేదు.

ఓబులేసు చటుక్కున వంగి తన అరచెయ్యి పక్కన పెట్టాడు. మూడు లెక్కపెట్టేలోగా లాక్కున్నాడు. ఇంతసేపూ అదే రోడ్డు మీద, మందపాటి అడుగున్న బూట్లతో నిలబడి మాట్లాడాడు.

రెండు చేతులతో ఉస్తాద్ చెయ్యి పట్టి పైకి తీశాడు. అరచెయ్యంతా ఎర్రగా కందిపోయింది. చిటికెనవేలి కింద బొబ్బ లేస్తోంది. ఓబులేసుకు కళ్లనీళ్లు ఆగలేదు. డ్రిల్లు మాస్టరు అలా అందరి ముందూ ఏడవడం ఎవరూ చూసి ఉండరు. గడియారం మాస్టరు కూడా నవ్వడం మానేశాడు.

తొట్టి దగ్గరికి తీసుకుపోయి ఆ చెయ్యి నీళ్లలో పెట్టించాడు.

"ఇంత కాలతా ఉంటే తీసేయొచ్చు గదా ఉస్తాద్?"

మస్తాన్ సాహెబ్ నీళ్లలో వేళ్లు మెల్లగా కదిలించాడు.

"నువ్వు ఆపలేదు గదా నాయనా. నేనెట్ల తీసేది?"

ఓబులేసు షామియానా కిందికి నడిచాడు. అతను రావడం చూసి రాగి లేచింది. ఒళ్లు విరుచుకుంది, తాడు బిగిసేదాకా రోడ్డు వైపు లాగింది, వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది.

అతను దాని ముందు కూర్చుని, దాని మెత్తటి అరికాలు అరచేత్తో తడిమి, తన నడుముకున్న బెల్టు విప్పాడు.

ఇక బయల్దేరడమే అనుకుని రాగి తోక ఊపుతూనే ఉంది.