వెనకవాళ్ల దోసెడు

అనగనగా ఒక అడవిలో బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. బొంత కప్పుకున్నట్టు ఒళ్లంతా బొచ్చు, అందుకే ఆ పేరు. దాని కూతురు చిట్టెలుగు ఎప్పుడు చూసినా తల్లి వీపు మీదే సవారీ. దిగమంటే దిగేది కాదు.

ఎండలు ముదిరితే ఆ అడవిలో వాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులన్నీ కలిసి ఇసుకలో లోతుగా చెలమ తవ్వుకునేవి. అడుగున నీళ్లు మెల్లగా ఊరేవి. పక్కల నుంచి ఇసుకేమో జారిపడుతూనే ఉండేది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. నీళ్లు తాగినవాళ్లు వెళ్లేముందు, వెనక వచ్చేవాళ్ల కోసం దోసెడు ఇసుక తీసి బయట పోయాలి. పంజాతో తీసినా, ముట్టెతో తీసినా దాని పేరు 'వెనకవాళ్ల దోసెడు'. కాపలా లేదు, శిక్షా లేదు.

ఒకరోజు బొంతమ్మ కడుపునిండా నీళ్లు తాగింది. ఇసుక కాలిపోతోంది. చుట్టూ చూస్తే ఎవరూ లేరు.

"నేనొక్కదాన్నే కదా, ఏమవుతుందిలే" అంటూ వెళ్లిపోయింది. ఏమీ కాలేదు. మర్నాడు తేనెపట్టు గుర్తొచ్చిందని తొందరపడి వెళ్లిపోయింది. ఆ మర్నాడు సాకు కూడా వెతుక్కోలేదు, దర్జాగా నడిచింది.

కొమ్మ మీది పికిలిపిట్ట ఊరుకుంటుందా? "బొంతమ్మక్కా, దోసెడు మరిచిపోయావే!" అంది.

"నేనొక్కదాన్నే కదే పిట్టా!" అంది బొంతమ్మ.

"అందరూ ఆ మాటే అంటే?"

"వాళ్లెందుకంటారే? వాళ్లంతా బుద్ధిమంతులు!"

పిట్ట కిసుక్కున నవ్వింది. "బాగుందక్కా! బుద్ధి వాళ్లకీ, నీళ్లు నీకూనా?"

బొంతమ్మకి ఒళ్లు మండింది. "పెద్ద చెప్పొచ్చావులే" అని విసవిసా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి చిట్టెలుగుకి వడదెబ్బ తగిలింది. "అమ్మా, దాహం" అని మూలిగింది. నోరు పిడచకట్టుకుపోయింది. బొంతమ్మ దాన్ని వీపున వేసుకుని చెలమ దగ్గరికి పరుగెత్తింది. తీరా చూస్తే చెలమ ఏదీ? ఇసుకతో పూడిపోయింది! పక్కనే అడవిపంది, జింక, కుందేలు తెల్లమొహాలు వేసుకుని నిలబడ్డాయి.

"నా బిడ్డ ప్రాణం పోతోంది! ఎవరు చేశారీ పని?" అని అరిచింది బొంతమ్మ.

అడవిపంది నేలచూపులు చూసింది. "నేనొక్కణ్ణే కదా అనుకున్నానక్కా" అంది.

జింకా అదే అంది. కుందేలూ అదే అంది. ముగ్గురి నోటా బొంతమ్మ మాటే!

"నేనూ ఆ మాటే అన్నాను. ఇంక ఎవర్ని తిట్టను?" అంటూ బొంతమ్మ గోళ్లతో ఇసుక తవ్వసాగింది. మిగతావాళ్లూ చేతులు కలిపారు. తవ్వినకొద్దీ ఇసుక జారింది. జారినకొద్దీ తవ్వారు. పొద్దు వాలే వేళకి అడుగున కాసిని నీళ్లు ఊరాయి. ఎవరూ మూతి పెట్టలేదు. చిట్టెలుగుకే ముందు తాగించారు. అది కళ్లు తెరిచేసరికి బొంతమ్మ ఆపుకోలేక ఏడ్చేసింది.

కాస్త ఓపిక రాగానే చిట్టెలుగు మళ్లీ వీపెక్కేసింది.

"మరి దోసెడు తీయవా?" అంది బొంతమ్మ.

"నేనొక్కదాన్నే కదమ్మా! ఏమవుతుందిలే!" అంది చిట్టెలుగు, అచ్చం తల్లిలాగే.

పికిలిపిట్ట కూడా నవ్వలేదు. బొంతమ్మ సిగ్గుతో తల దించుకుంది. "ఆరోజు ఎవరూ లేరనుకున్నానే తల్లీ. నువ్వు నా వీపు మీదే ఉన్నావు" అంది. ఆ దోసెడూ తనే తీసింది.

ఆనాటి నుంచి బొంతమ్మ ఒక్కసారీ మానలేదు.

ఎండాకాలం చివరికొచ్చింది. ఒకనాడు ఆకాశమంతా నల్లగా మబ్బు పట్టింది. ఉరుములు మొదలయ్యాయి. జంతువులన్నీ ఎక్కడివక్కడ దాక్కున్నాయి. పిట్ట కూడా గూటికి చేరింది. బొంతమ్మ ఆఖరిసారి నీళ్లు తాగి, ఇసుక తీయడానికి వంగింది.

"అమ్మా, ఇప్పుడే వాగు వచ్చేస్తుంది. చెలమ కొట్టుకుపోతుంది. ఇంకెవరొస్తారమ్మా?" అంది చిట్టెలుగు.

"ఎవరైనా రానీ, రాకపోనీ. తాగింది మనం. దోసెడు మనది" అంది బొంతమ్మ.

చిట్టెలుగు ఎవరూ దిగమనకుండానే తల్లి వీపు మీంచి దిగింది.

నీతి: 'నేనొక్కణ్ణే కదా' అనిపిస్తే, 'అందరూ ఇలాగే చేస్తే?' అని మనల్ని మనం అడిగి చూసుకోవాలి. చేయాల్సిన పని ఎవరు చూసినా, చూడకపోయినా చేయాల్సిందే.