మెడ లేని హంస

వీరనారాయణ సారును ‘అవునా, కాదా’ అని అడిగితే చెప్పులేసుకుంటాడు. ధర్మవరంలో ఆయన దగ్గర కంప్యూటర్ల రిపేరు నేర్చుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. రెండు ముక్కల్లో తేలిపోయే సంగతికి మనిషిని ఎండలో నడిపించి, ఎవరింటికో తీసుకుపోయి, ఏదో ఒకటి చూపించి, చివర్లో చెప్పీ చెప్పనట్టు ఒక్క మాట వదిలేస్తాడు. ఆ మాట తలకెక్కేసరికి కొందరు సొంత దుకాణాలు కూడా పెట్టేసుకున్నారు. ఇదేం చదువు చెప్పడం అని విసుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. విసుక్కుంటూనే ఆయన్ని వదలకుండా ఉన్నవాళ్ళూ వాళ్ళే.

వాళ్ళలో ఓబులేసు ఒకడు. కదిరి పక్కన వేరుశనగ పండించే ఇంట్లో పుట్టాడు. ముప్పయ్యేళ్ళవాడు, పెళ్ళయినవాడు. ధర్మవరంలో వీధికి పది మగ్గాలున్నా ఒక్కదాని దగ్గరా కూర్చుని ఎరగడు. చెయ్యి చురుకైనది, మనసు మంచిది, తొందర ఒక్కటే జాస్తి. ఓ బుధవారం సారు ఎప్పటికన్నా అరగంట ఆలస్యంగా దుకాణానికి వచ్చాడు. ఆయన ఇంకా కుర్చీలో సర్దుకోకముందే ఓబులేసు స్క్రూడ్రైవరు తుడుస్తూ, ఊరికే తోచి అడిగినట్టు అడిగాడు.

“సార్, ఈ రిజిస్ట్రీ క్లీనర్లు ఉంటాయి గదా. ఇండ్లల్లో కంప్యూటర్లకు వాడొచ్చునా? ఏమన్నా ప్రమాదమా?”

ఊరికే తోచిన ప్రశ్న కాదది. పొద్దుటి నుంచి వాణ్ణి వదలకుండా వేధిస్తున్నది. నిజం చెప్పాలంటే వాడికి జవాబు అక్కర్లేదు, ‘ఏం కాదులే’ అనే మాట కావాలి. తేలు కుట్టిన దొంగ అరవలేడు, ఊరుకోనూలేడు. ఓబులేసు పరిస్థితీ అంతే.

జరిగిందేమిటంటే, ముందురోజు వాడు ఫర్జానా ఇంటికి పోయాడు. ఫర్జానా పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. పదకొండేళ్ళుగా ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని అంచులు, కొంగులు, బుటాలు గీసి నేతవాళ్ళకు ఇస్తున్నది. ఆ ఇల్లు నడిచేది దాని మీదే. ఆమె గీసినవన్నీ ఒకే ఒక్క పాత ప్రోగ్రాంలో తప్ప తెరుచుకోవు. దాన్ని తయారుచేసి అమ్మినాయన దుకాణం మూసేసి ఎటో వెళ్ళిపోయాడు. అది ఆ కంప్యూటరులో ఎప్పుడో ఒకసారి ఆమె పేరున నమోదైంది. ఆ నమోదు పోతే మళ్ళీ చేసిచ్చే మనిషి లేడు. ఈ సంగతంతా ఫర్జానా టీ గ్లాసు చేతికిస్తూ వివరంగా చెప్పింది. కంప్యూటరు మరీ నత్తలాగ నడుస్తున్నదని, కాస్త చూడమని, ఆ ప్రోగ్రాం జోలికి మాత్రం పోవద్దని చెప్పి, వంటింట్లోకి పోయింది.

వాడు దాని జోలికి పోలేదు. ఒట్టేసి చెప్పగలడు. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికిన క్లీనరు ఒకటి ఎక్కించాడు, అంతే. కంప్యూటరు తన గుర్తుకోసం ఒక పుస్తకం రాసిపెట్టుకుంటుంది. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఎవరి పేరున నమోదైంది, దేన్ని తెరవాలంటే దేన్ని పిలవాలి, అన్నీ అందులో ఉంటాయి. దాన్నే రిజిస్ట్రీ అంటారు. ఈ క్లీనరు ఆ పుస్తకం మీద పడి వెతికి, పదమూడు వందల డెబ్బై నాలుగు తప్పులున్నాయని ఎర్రటి అక్షరాలతో చూపించింది. ఓబులేసు హడలిపోయాడు. ఇన్ని తప్పులు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎట్లా బతికిందో పాపం అనుకున్నాడు. వాటిని తీసెయ్యమంటావా అని క్లీనరు అడిగింది. ‘ఎస్’ నొక్కాడు. పాతవాటి నకలు దాచిపెట్టమంటావా అని అడిగింది. ఉన్న చోటే తక్కువ, మళ్ళీ చెత్తను దాచడమెందుకని ‘నో’ నొక్కాడు. ఎర్రదంతా పచ్చగా మారి సున్నా అని వచ్చింది. ఇక గుర్రంలాగ పరుగెత్తుతుందని ఫర్జానాకు చెప్పి, ఆ డిజైన్ల ప్రోగ్రాంను ఒక్కసారి తెరిచైనా చూడకుండా వచ్చేశాడు.

బుధవారం పొద్దున ఏడింటిలోపల ఫర్జానా నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడుసార్లూ వాడు ఫోను వైపు చూస్తూ కూర్చున్నాడు గాని ఎత్తలేదు. భార్య ఎవరని అడిగితే ఫోను కంపెనీవాళ్ళు అని అబద్ధం చెప్పాడు. తర్వాత చప్పుడు రాకుండా చేసి జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచీ ఆ జేబు వైపు కాలు బరువెక్కినట్టుగా ఉంది.

ప్రశ్న విని సారు కాసేపు వాడి మొహంలోకి చూశాడు. ఎవరి కంప్యూటరు గురించి అడుగుతున్నావని అడగలేదు. అడగకపోయినా ఓబులేసు, ఊరికే సార్, ఎవరిదీ కాదు అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. సారు చెప్పులేసుకున్నాడు.

“పద.”

రెండు వీధుల అవతల సారుగారి అక్క సుంకమ్మ ఇల్లు. ఆమె భర్త చౌడప్ప నలభై ఏళ్ళుగా గుంట మగ్గం మీద నేస్తున్నవాడు. మగ్గం పైన జకార్డు పెట్టె, దాన్నుంచి దారంతో కుట్టిన అట్టల వరస వేలాడుతున్నది. ఆ అట్టల మీద చిల్లులుంటాయి. ఒక్కో అట్ట తిరిగినప్పుడు ఏ పోగులు పైకి లేవాలో ఆ చిల్లులు చెబుతాయి, బట్టలో ఒక వరస పడుతుంది. అట్టలన్నీ ఒక చుట్టు తిరిగితే ఒక బొమ్మ. ఆ రోజు చౌడప్ప మచ్చు కోసం చిన్న గుడ్డ నేస్తున్నాడు.

సారు బావ చెవిలో ఏదో చెప్పాడు. చౌడప్ప ససేమిరా అన్నాడు. సారు మళ్ళీ ఏదో చెప్పాడు. చౌడప్ప ఓబులేసు వైపు ఒకసారి, పైకప్పు వైపు ఒకసారి చూసి, మచ్చుగుడ్డే గదా తగలెయ్యండి అని గుంటలోంచి లేచాడు. సారు అట్టల వరసను ఓబులేసు ముందు పెట్టాడు. ఇందులో పనికిరానివి ఏరి తీసెయ్యమని, మగ్గం మీద బరువు తగ్గాలని చెప్పాడు.

ఓబులేసుకు ఈ పని సుఖంగానే అనిపించింది. కాసేపు ఫోను సంగతి మరిచిపోవచ్చు. మొత్తం ఎనభై నాలుగు అట్టలు. ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. తొమ్మిదింటికి ఒక్క చిల్లయినా లేదు. చిల్లే లేని అట్ట ఏం చెబుతుంది, ఏం చేస్తుంది? వాటిని దారం విప్పి తీసేశాడు. ఇంకోచోట పదిహేడు అట్టలు వరసగా అచ్చం ఒక్కలాగే ఉన్నాయి, చిల్లుకు చిల్లు సరిపోయింది. ఒకే మాట పదిహేడుసార్లు ఎందుకు చెప్పడం అని ఒక్కటి ఉంచి పదహారూ తీసి కింద పడేశాడు. మిగిలినవాటిని కలిపి కుట్టేసరికి వరస చేతికి తేలిగ్గా వచ్చింది. తనకే ముచ్చటేసింది.

చౌడప్ప ఆ వరసను పెట్టెకు తగిలించి గుంటలోకి దిగాడు. మగ్గం ఆడింది. ఒక్క పోగు తెగలేదు, ఒక్కచోట పట్టెయ్యలేదు, చప్పుడు కూడా ఎప్పట్లాగే ఉంది. ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. తీసేసినా ఏం కాలేదు గదా. ఫర్జానక్క కంప్యూటరూ ఇట్లాగే ఉంటుంది. ఆమె వేరే దేనికో ఫోను చేసుంటుంది, పొద్దున్నే ఎత్తకుండా తప్పు చేశాను అనుకున్నాడు. అనుకుంటూ గుడ్డ వైపు వంగి చూశాడు.

గుడ్డ మీద ముందు ఒక పక్షి కాళ్ళు పడ్డాయి. పొట్ట పడింది. రెక్క పడింది. రెక్క మీద నేరుగా ముక్కు, కన్ను వచ్చి కూర్చున్నాయి. ఆ తల ముగిసీ ముగియకముందే దాని నెత్తి మీద ఇంకో జత కాళ్ళు మొదలయ్యాయి. మజ్జిగ చెంబుతో వచ్చిన సుంకమ్మ కూడా వంగి చూసింది.

“ఇదేం హంసరా నారాయణా, తాబేలు మాదిరుండాది!” అన్నది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట అని గొణుక్కుంటూ మజ్జిగ అందరికీ పోసింది.

ఓబులేసు మజ్జిగ పక్కన పెట్టాడు. పోగు ఒక్కటి కూడా తెగలేదు గదా అన్నాడు, ఎవరితోనూ కాకుండా. చౌడప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ అట్టల మాటొస్తే ఊరుకోలేడు.

“మగ్గానికేం తెలుసప్పా, తాను నేసేది హంసో తాబేలో? ఆ పదిహేడూ హంస మెడ. నిలువు మెడకు అన్ని వరసలూ ఒక్కలాగే ఉంటాయి. చిల్లు లేని అట్ట ఈడ ఖాళీ వదలమని చెప్తాది. అదీ మాటే గదా.”

ఓబులేసు గబుక్కున కిందికి చూశాడు. తాను పడేసిన అట్టలు అక్కడ లేవు. ఇప్పుడు వాటిని ఎక్కడ వెతకాలి, ఏది ఏ చోటిదో ఎవరు చెప్పాలి? అంతలో సారు ఒళ్ళోంచి ఒక దారం తీసి బావకు అందించాడు. ఓబులేసు ఒక్కో అట్టా పడేసినప్పుడల్లా సారు వంగి ఏరి, వచ్చిన వరసలోనే ఆ దారానికి గుచ్చి, పెన్సిలుతో గుర్తు కూడా పెట్టి ఉంచాడు. చౌడప్ప ఆ గుర్తుల ప్రకారం వాటిని తిరిగి కుట్టడానికి పావుగంట పట్టింది. మళ్ళీ మగ్గం ఆడితే, తాబేళ్ళ తర్వాత ఒక హంస మెడ నిక్కించుకుని లేచింది.

ఓబులేసు ఆ హంసను చూడలేదు. వాడి కళ్ళ ముందు ‘నో’ అనే బొత్తాం ఒక్కటే ఉంది. పదమూడు వందల డెబ్బై నాలుగు అట్టలు. దారం లేదు, గుర్తు లేదు, వంగి ఏరినవాడు లేడు. జేబులో ఫోను మళ్ళీ వణికింది. తీసి చూస్తే ఫర్జానాయే. ఈసారి వాడు కూర్చోలేకపోయాడు.

“సార్, నిన్న నేనొక పని చేసినాను” అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాక ఏదీ దాచలేదు. ఎర్ర అక్షరాలు, సున్నా, నకలు వద్దన్నది, మూడు ఫోన్లు ఎత్తనిది, భార్యతో ఆడిన అబద్ధం, అన్నీ సుంకమ్మ, చౌడప్పల ముందే చెప్పేశాడు. ఆమె పదకొండేళ్ళ కష్టం నా చేతుల్తో తుడిచేసినానేమో సార్ అన్నాడు. సారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

ఫర్జానా ఇంటికి పది నిమిషాల నడక. ఓబులేసుకు అది కదిరి దాకా నడిచినట్టయింది. దారిలో సారు తెలిసినవాళ్ళను పలకరిస్తున్నాడు, ఒకచోట నిలబడి కరివేపాకు కూడా కొన్నాడు. ఈ మనిషికి గుండె ఉందా లేదా అని వాడికి కోపం కూడా వచ్చింది. ఆమె ఏడిస్తే ఏం చెయ్యాలి, తిడితే నయం, తిట్టకుండా అట్లా చూస్తూ నిలబడితే ఎట్లా అని ఒక్కో అడుగుకూ ఒక్కో భయం. గడపలోనే నిలబడిపోయి, లోపలికి చూడకుండానే చెప్పేశాడు.

“అక్కా, నీ ప్రోగ్రాం చెడగొట్టింది నేనే. తెలియక చేసినాను. భయపడి ఫోనెత్తలేదు.”

“అది పొద్దుననే బాగైపోయింది గదా తమ్ముడూ” అన్నది ఫర్జానా. అప్పుడు వాడు తలెత్తాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మీద సగం గీసిన కొంగు, దాని చుట్టూ పాత డిజైన్లు వరసగా తెరుచుకుని ఉన్నాయి.

సంగతి ఆమే చెప్పింది. పొద్దున ప్రోగ్రాం తెరవబోతే ఏదో నంబరు అడిగిందట. కాళ్ళూ చేతులూ ఆడక ఓబులేసుకు మూడుసార్లు చేసి, ఎత్తకపోతే సారుకు చేసిందట. సారు టీ కూడా తాగకుండా వచ్చాడు. రెండు నెలల కింద ఆమె కొత్త ప్రింటరు కొన్నప్పుడు, కంప్యూటరు తనకు తానే గుర్తుల పుస్తకానికి ఒక నకలు దాచుకుని ఉందట. ఆయన గంట సేపు వెతికి దాన్ని పట్టుకుని, పుస్తకాన్ని మళ్ళీ పాత స్థితికి తెచ్చాడు. ఆ ప్రింటరు కొనకపోయి ఉంటే ఏమయ్యేదో అని ఆమె చేతులెత్తి దేవుణ్ణి తలుచుకుంది. నత్తనడకకు కారణం మెమరీ చాలకపోవడమని, ఆ గుర్తులు ఉన్నా పోయినా ఒక్క అడుగు కూడా ముందుకు పడదని సారు చెప్పాడట. ఇందాక ఫోను చేసింది, నిన్న పెన్‌డ్రైవు మరిచిపోయినావని చెప్పడానికట.

పెన్‌డ్రైవు చేతిలో పెట్టుకుని ఓబులేసు వీధిలోకి వచ్చాడు. నెత్తిన పాలు పోసినట్టే ఉంది గాని, కాస్త దూరం నడిచాక వాడికి ఉక్రోషం ముంచుకొచ్చింది. అన్నీ తెలిసే మగ్గం దగ్గరికి తీసుకుపోయి అంత సేపు కూర్చోబెట్టారా అని అడిగాడు. సారు కరివేపాకు కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“పొద్దుననే ఒక్క మాట చెప్పింటే నా గుండె ఇంతగా కొట్టుకునేది కాదు గదా సార్” అన్నాడు ఓబులేసు.

“కొట్టుకోనీలేప్పా” అన్నాడు వీరనారాయణ సారు. “రేపు ఇంకొకరింట్లో ఎస్ నొక్కే ముందు కూడా ఇట్లనే కొట్టుకుంటే చాలు.”