దాహమేసిన పడవ

డ్రాయింగు మాస్టారు ముకుందానికి కాలు ఒకచోట నిలవడం లేదు. బడిలో బోర్డు మీద కొబ్బరిచెట్టు వేయబోయి తెడ్డు వేశాడు. పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు.

కారణం పెరట్లో ఉంది. చలికాలంలో సరదాగా మొదలుపెట్టిన చెక్కపడవ, ఎండలు ముదిరినా ఇంకా అక్కడే కూర్చుంది.

ఊళ్లో ఇలాంటి పడవపిచ్చి ఇంకో ఇద్దరికుంది. టైలరు పేరిరాజు, మందులషాపు సత్తిబాబు. వాళ్లూ ఇళ్లల్లో పడవలు కడుతున్నారు. ఒక్కటీ ఇంకా నీటిమొహం చూడలేదు. రోజూ సాయంత్రం పకోడీల పొట్లంతో వచ్చి ముకుందం పడవ చుట్టూ ప్రదక్షిణ చేసేవారు.

"అదిరింది మాస్టారూ! దీని ముందు మావి కుడితితొట్లు!"

అంతటితో ఆగితే బాగుండేది. శుక్రవారం మాస్టారి పడవ కాలవలో దిగుతోందని ఊరంతా చాటారు.

అసలు గొడవ వాళ్లకి తెలీదు. పలకల మధ్య సందులు! ఇవాళ ఒకదాన్లో పీచు కూరి గుగ్గిలం పూస్తే, రేపటి ఎండకి దాని పక్కనే ఇంకోటి పళ్లికిలించేది. శుక్రవారం ఊరందరి ముందూ పడవ మునిగిందంటే, మాస్టారి పరువు దాని కిందే ఉంటుంది.

గురువారం సాయంత్రం దర్గా నుంచి కరీముల్లా బాబా నడుచుకుంటూ వచ్చారు. ముకుందం ఆయన శిష్యుడు. రోజూ అందరితో పాటు ఆయన దగ్గర కాసేపు మౌనంగా కూర్చునేవాడు. పడవ మొదలెట్టాక అటు వెళ్లడమే మానేశాడు.

"ఏరా, చాప మీద నీ చోట్లో పిల్లి పడుకుంటోంది."

"మనసు కుదురుగా లేదు బాబా. ఒక సందు మూస్తే ఇంకోటి తెరుచుకుంటోంది. అన్నీ మూసేసి, కాస్త కుదుటపడ్డాక వస్తాను. ఇలాంటి బుర్రతో వచ్చి కూర్చుని ఏం లాభం?"

బాబా నూతి దగ్గరికెళ్లి నిండు బిందె తెచ్చి పడవలో గుమ్మరించారు.

"అయ్యయ్యో! బాబా!"

జల్లెడలో పోసినట్టు నీళ్లన్నీ కిందికి దిగిపోయాయి. సరిగ్గా అప్పుడే పకోడీలు వచ్చాయి, వెనకే మిత్రులూ వచ్చారు. సత్తిబాబు చేతిలో పకోడీ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"మాస్టారూ, ఇది పడవా, షవరా?"

ముకుందం తల నేలలోకి దిగిపోయింది.

"నవ్వులు తర్వాత. బిందెలు పట్టండి," అన్నారు బాబా.

పోశారు. కారింది. మళ్లీ పోశారు. మళ్లీ కారింది. ముకుందం మాత్రం ఒక్కో ధారకీ వేలు అడ్డం పెడుతూ పడవ చుట్టూ గింగిరాలు తిరిగాడు. చీకటి పడేసరికి ధారలు చుక్కలయ్యాయి.

మర్నాడు పొద్దున చూస్తే చుక్క కూడా లేదు. తాగిన నీటికి చెక్క ఉబ్బి, పలకలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకున్నాయి. పడవ నిండా నీళ్లు. అంచు మీద ఒక కాకి దర్జాగా కూర్చుని తాగుతోంది.

ముకుందం చెప్పులు కూడా వేసుకోకుండా దర్గాకి పరిగెత్తాడు.

"తడిస్తే చెక్క ఉబ్బుతుందని మీకు ముందే తెలుసు కదూ బాబా?"

"నాకేం తెలుసురా! పాపం, దాహంగా ఉన్నట్టు కనిపించింది."

ముకుందం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఇంతకీ మనసు కుదుటపడిందా?"

"లేదు బాబా. కారుతూనే ఉంది."

బాబా చాప మీద పిల్లిని పక్కకి జరిపారు.